సేవ్ కొట్టడానికి భయమెందుకు?



మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకున్నది మేమే. హాస్టల్లో నలుగురం ఒకే పాత కంప్యూటర్ మీద ప్రాజెక్టు రిపోర్టు టైపు చేశాం. "మాటిమాటికీ సేవ్ కొడితే డిస్కు అరిగిపోతుంది" అని ఎవరో అంటే నమ్మాం. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇరవై పేజీలూ దాంతోపాటే పోయాయి.

ఆ మాటలో కొంత నిజముంది. మనం రాసింది ముందు మెమరీలో ఉంటుంది, కంప్యూటర్ వీలు చూసుకుని డిస్కుకు ఎక్కిస్తుంది. "ఇప్పుడే ఎక్కించు, ఎక్కేదాకా ఆగుతాను" అని ప్రోగ్రాం పట్టుబడితే అది సింక్రనస్ రైట్. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకు పదులసార్లు, రోజంతా ఇలా పట్టుబడితే హెడ్డుకు విశ్రాంతి ఉండదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేకున్నా, చెరిపి రాయడానికి ఒక హద్దుంది.

కానీ చేత్తో కొట్టే సేవ్ ఆ లెక్కలో ఏ మూలకి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. డిస్కు అరగడానికి ఏళ్లు పడుతుంది, కరెంటు పోవడానికి క్షణం చాలు.

కాబట్టి పేరా పూర్తికాగానే సేవ్ కొట్టండి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి. ప్రోగ్రాములు రాసే తమ్ముళ్లు మాత్రం ఒక్కో పేరుకూ డిస్కును లేపకుండా, యాభై పేర్లు కూడగట్టి ఒకేసారి రాయించండి. హాస్టల్‌కు కంప్యూటర్ ఇవ్వాలనుకునే అన్నలూ, దాంతోపాటు ఒక యూపీఎస్ కూడా ఇవ్వండి. డిస్కు మళ్లీ కొనుక్కోగలం. రాత్రులు మేలుకుని రాసింది ఏ అంగట్లోనూ దొరకదు.