తెరిచిన రక్తనాళం మళ్ళీ మూసుకుపోతుందా?

మధుమేహం ఉన్న తన తండ్రికి కాలి రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచారని, అది మళ్ళీ పూడుకుపోతుందో లేదో ముందే తెలుసుకునే మార్గముందా అని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. “హజ్రత్, డాక్టరు గారు కచ్చితంగా చెప్పలేమంటున్నారు. చెప్పలేనప్పుడు ఇంత ఖర్చు దేనికి?” అన్నది అతని ఆవేదన. మేము వైద్యులము కాము. అయినా ఈ ప్రశ్న ఎన్నో ఇళ్ళలో ఉన్నదే గనుక, చదివి, వైద్యులను అడిగి గ్రహించినంత మేరకు వ్రాస్తున్నాము.

యాంజియోప్లాస్టీ అనగానే అందరికీ గుండె గుర్తుకు వస్తుంది. నిజానికి ఈ చికిత్స పుట్టింది కాలి కోసమే. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు, పాదం కుళ్ళుతున్నా కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ళ వృద్ధురాలి తొడ ధమనిని సన్నని గొట్టాలతో వెడల్పు చేశాడు. ఆమె మరణించేవరకు, అంటే రెండేళ్ళకు పైగా, తన కాళ్ళ మీదనే నడిచింది. తరువాత పదేళ్ళకు జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ నేటి తరహా బెలూన్‌ను కాలి ధమనిలో వాడాడు. గుండెకు అది 1977లోగాని చేరలేదు.

“అబ్బా నూనె, మాంసం ముట్టడమే లేదు, మరి మళ్ళీ ఎలా మూసుకుపోయింది?” అని కొందరు అడుగుతారు. బెలూన్ ధమనిని గాయపరిచే తెరుస్తుంది. సాగిన గోడ కొద్ది గంటల్లోనో, రోజుల్లోనో రబ్బరువలె వెనక్కి ముడుచుకోవచ్చు. ఆపై గాయం మానే క్రమంలో గోడలోని కండర కణాలు లోపలికి చేరి, వృద్ధి చెంది, మచ్చవంటి పొరను కడతాయి. ఇది ఎక్కువగా తొలి ఆరు నెలల్లో, కొంత ఏడాది వరకు జరుగుతుంది. అంటే ఇది పాత కొవ్వు తిరిగి పేరుకోవడం కాదు, మానడమే మితిమీరడం. స్టెంట్ గోడను ముడుచుకోనివ్వదు గాని, దాని లోపల ఈ పొర పెరగకుండా ఆపలేదు. అందుకే పాక్లిటాక్సెల్ అనే మందు పూసిన బెలూన్లు, స్టెంట్లు వచ్చాయి. వాటివల్ల మరణాలు పెరుగుతున్నాయేమోనన్న అనుమానం 2018 చివర తలెత్తింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించి, మరింత సమాచారం పరిశీలించిన మీదట 2023లో అందుకు ఆధారం లేదని తేల్చింది.

ఇక ముందే చెప్పడం సంగతి. వైద్యులు చేసేది అంచనా, జోస్యం కాదు. కటి భాగంలోని పెద్ద ధమని తెరిస్తే చాలాకాలం నిలుస్తుంది. తొడలో అంతకన్నా తక్కువ. మోకాలి కింది సన్నని నాళాల్లో మందులేని బెలూన్ ఒక్కటే వాడితే ఏడాదిలోపు తిరిగి సన్నబడడం సర్వసాధారణం. మూసుకున్న భాగం పొడవుగా ఉన్నా, గోడలో సున్నం గట్టిపడినా, పాదానికి చేరే నాళాల్లో ఒక్కటే మిగిలినా ముప్పు అధికం. మధుమేహం, మూత్రపిండాల వైఫల్యం, పొగతాగడం దీన్ని ఇంకా పెంచుతాయి. వీటన్నిటినీ కంప్యూటరుకు ఇచ్చి లెక్కించే ప్రయత్నాలూ సాగుతున్నాయి. అయితే ఇటువంటి లెక్క నూరుమందిలో ఎందరికి అని చెప్పగలదే గాని, ఆ నూరుమందిలో మీ తండ్రిగారు ఎవరో చెప్పలేదు.

మరి ఖర్చు దేనికి? పుండు మానడానికి కావలసినంత రక్తం, మానిన చర్మాన్ని నిలుపుకోవడానికి అక్కరలేదు. నాళం నాలుగైదు నెలలు తెరిచి ఉండి, ఆలోగా పుండు మానితే, తరువాత అది సన్నబడినా కాలు దక్కవచ్చు. చాలామంది రోగుల్లో చికిత్స కొనిపెట్టేది ఆ గడువునే. దాన్ని వృథా చేసేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. నొప్పి తగ్గగానే మాత్రలు మానేస్తారు, పరీక్షలకు వెళ్ళరు, బీడీ మళ్ళీ నోట్లోకి వస్తుంది.

చికిత్స ముగిసిన వెంటనే చీలమండ, చేతి రక్తపోట్ల నిష్పత్తిని వ్రాయించుకొని కాగితం దాచుకోండి. అది 0.90 కన్నా తక్కువైతే నాళ వ్యాధి ఉన్నట్లు. తరువాతి పరీక్షలో మునుపటి అంకె కన్నా 0.15 తగ్గితే మళ్ళీ సన్నబడిందని అనుమానించి డాప్లర్ తీస్తారు. మధుమేహుల్లో సున్నం పట్టిన నాళాల వల్ల ఈ అంకె 1.40 దాటి, అంతా బాగున్నట్లు భ్రమ కలిగించవచ్చు; అప్పుడు కాలి బొటనవేలి పీడనం కొలవమని అడగండి. మొదటి నెలలో, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఈ పరిశీలన చేయించాలి.

మధుమేహంతో స్పర్శ మొద్దుబారిన వారికి నొప్పి హెచ్చరించదు. వుజూ చేసేటప్పుడు పాదాన్ని కడగడమే కాదు, చూడండి. వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టండి. గీజర్ నీటి వేడిని ముందు మోచేతితో చూడాలి. ఖుఫ్ఫైన్‌పై మసహ్ చేసేవారు ఇంటిపట్టున ఉన్నా ఒక పగలూ రాత్రీ పాదం చూడకుండా గడపవచ్చు గనుక, వారి విషయంలో కోడలో, కొడుకో పడుకునే ముందు చూడడం మేలు. నమాజులో కూర్చున్నప్పుడు ఎడమ చీలమండ వద్ద కాయ కాచే చోటును మరువకండి. అక్కడ కాయ పగిలితే పుండవుతుంది. పాదం హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.