హుద్‌హుద్ తెచ్చిన వార్త, హుద్‌హుద్ ఆపిన వార్త

సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం)కు సబా దేశపు వార్త తెచ్చిన పక్షి హుద్‌హుద్. దివ్య ఖుర్‌ఆన్‌లోని నమ్ల్ సూరా ఆ ఉదంతాన్ని వివరిస్తుంది. ఒమన్ సూచించిన ఆ పేరునే 2014లో బంగాళాఖాతంలో ఏర్పడిన పెను తుపానుకు పెట్టారు. బక్రీద్ జరుపుకున్న వారం లోపే, అక్టోబరు 12న, అది విశాఖపట్నం వద్ద తీరం దాటింది. పెనుగాలులకు విద్యుత్ స్తంభాలు, సెల్ టవర్లు దెబ్బతిన్నాయి. నాడు విశాఖ జిల్లాలో భాగమైన అనకాపల్లి ప్రాంతమూ ఆ తాకిడికి గురైంది. వార్తాహరుని పేరు గల తుపానే వార్తల దారి మూసివేసింది.

ఇది అసాధారణ సందర్భం. కానీ అనకాపల్లిలో ప్రతి వర్షాకాలమూ మనం దీని చిన్న రూపాన్ని చూస్తూనే ఉంటాం. కుండపోత వాన మొదలవగానే టీవీలో బొమ్మ ముక్కలై ఆగిపోతుంది. ఉపగ్రహం మనకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత దూరం నిరాటంకంగా వచ్చిన సంకేతం చివరి కొద్ది కిలోమీటర్ల వానలో నీరసిస్తుంది. డీటీహెచ్ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే కనుక వాన చినుకులు వాటిని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. వాన తగ్గితే బొమ్మ దానంతట అదే తిరిగి వస్తుంది. ఉరుములు, మెరుపుల నడుమ డిష్ సరిచేయడానికి మేడ ఎక్కడం ప్రాణాపాయం.

నిర్మలాకాశంలోనూ అంతరాయాలు ఉంటాయి. రేయింబవళ్లు సమానమయ్యే మార్చి, సెప్టెంబరు నెలల పరిసరాల్లో కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. అప్పుడు సూర్యుని నుంచి వెలువడే రేడియో తరంగాల హోరులో సంకేతం కొద్ది నిమిషాలు మునిగిపోతుంది. ఇక నేలను ఆనుకున్న చల్లని గాలిపై వెచ్చని గాలి పొర ఏర్పడినప్పుడు ఎఫ్‌ఎం తరంగాలు వంగి, దూరపు కేంద్రాలు కూడా వినిపిస్తాయి.

వీటన్నిటిలో వానకు చెక్కుచెదరనివి మీడియం వేవ్ రేడియో తరంగాలు. వాటి పొడవు వందల మీటర్లు. మెరుపులకు గరగర వినిపించవచ్చు గాని, చినుకులు వాటికి అడ్డు కావు. పైగా రేడియోకు వీధి వీధికీ టవరు అక్కరలేదు. అందుకే తుపానుకు సిద్ధం చేసుకోవలసిన వస్తువులలో బ్యాటరీ రేడియోకు నేటికీ స్థానముంది. ఈ అక్టోబరు లోపే ప్రతి ఇంటా ఒక రేడియో, అదనపు బ్యాటరీలు సిద్ధపరచుకోవాలని మా మనవి.

మరొక్క విషయం. వార్త అందని చోట వదంతి పుడుతుంది. కట్ట తెగిందనీ, ఉప్పెన వస్తోందనీ ఒక్క మాట చాలు, జనం కటిక చీకట్లో పరుగులు తీయడానికి. హుద్‌హుద్ తెచ్చిన వార్తను సైతం సులైమాన్ ప్రవక్త వెంటనే నమ్మలేదు. అది నిజమో కాదో చూస్తానన్నారు. అధికారుల ప్రకటన విన్న తరువాతే ఇతరులకు చెప్పడం మన బాధ్యత. విన్న హెచ్చరికను రేడియో లేని పొరుగింటికి, ఒంటరిగా ఉన్న వృద్ధులకు చేరవేయడం అంతకన్నా పెద్ద బాధ్యత. ఆ పొరుగువారు ఏ మతస్థులైనా సరే. తరంగాలు ఆగిన వేళ వార్తను మోయవలసింది మనుషులే.