చెవి ఉన్న పెట్టె



మన సంఘంలో ఒక తమ్ముడు కాచిగూడ దగ్గర పాత సామాన్ల కొట్టులో వాల్వు రేడియో ఒకటి కొన్నాడు. పలకదు. విడిభాగాల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళితే అక్కడొకాయన, "లోపలిదంతా పీకేసి బ్లూటూత్ పెట్టించుకో బాబూ, చెక్కపెట్టె అందం చెడదు" అన్నాడట. "ఏం చేయమంటారు అయ్యగారూ?" అని తమ్ముడు నన్నడిగాడు.

పీకించొద్దు అన్నాను.

ఇలాంటి సెట్లలో ముందుగా పాడయ్యేవి చాలాసార్లు వాల్వులు కావు, కండెన్సర్లు. పాత కాగితపు కండెన్సర్లు ఏళ్లు గడిచేకొద్దీ లీకవుతాయి. అవి మారిస్తే చాలా సెట్లు మళ్లీ పలుకుతాయి. కానీ కొన్నరోజే ఆత్రంగా ప్లగ్గు పెట్టకూడదు. ముందు సిరీస్ బల్బు పెట్టి చూడాలి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టే. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లలో ఇనుప చాసిస్‌కే కరెంటు రావచ్చు. తెలిసిన మెకానిక్కే ముట్టుకోవాలి. (తమ్ముడూ, నీ ధైర్యం ఎరుగుదును కాబట్టే ఇంత చెబుతున్నాను.)

ఇంత శ్రమ దేనికి, ఇప్పుడు అందులో వినడానికి ఏముంది అంటారా? నిజమే. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఫెబా సంస్థ 1970 నుంచి సీషెల్స్ ద్వీపాల్లోంచి షార్ట్‌వేవ్‌లో వాక్యం పంపింది, తెలుగులో కూడా. పాస్టరు గడప తొక్కలేని ఇళ్లలోకి ఆ స్వరం వెళ్లింది. ఆ ట్రాన్స్‌మిటరూ ఆగిపోయింది.

అయినా నా అభిప్రాయం మారదు. రేడియోకి చెవి ఉంది. ఎక్కడో ఎవరో పలికినది, మనం కోరనిది కూడా, అది అందుకుంటుంది. బ్లూటూత్ పెట్టె మన ఫోను చెప్పమన్నదే చెబుతుంది. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక 4:3 చూడండి: తమకు నచ్చేదే చెప్పే బోధకులను పోగుచేసుకునే రోజులొస్తాయని హెచ్చరించాడు. ఆదివారం ప్రసంగం గుచ్చుకుంటే సోమవారానికల్లా ఫోనులో మెత్తటి బోధకుణ్ని వెతుక్కునే వాళ్లు మన మధ్యే ఉన్నారు. పేర్లు చెప్పను, వాళ్లకే తెలుసు. గుచ్చుకున్న ఆ మాటే వాళ్లకు కావలసిన మాటైతే?

తమ్ముడూ, మళ్లీ కోఠి వెళ్లేటప్పుడు సెట్టు వెనక అట్ట మీది మోడల్ నంబరూ, వాల్వుల నంబర్లూ రాసుకుని వెళ్లు. పాత కండెన్సర్లు కూడా పారేయకు, విలువలు వాటిమీదే ఉంటాయి.