మాట లేని ఉపన్యాసం

14,75,73,95,25,89,67,64,12,927. ఈ 21 అంకెల సంఖ్యను చూస్తే కళ్ళు చెదురుతాయి గాని, దీని పుట్టుక బహు సులభం. 67 రెండ్లను వరుసగా గుణించి, వచ్చిన లబ్ధంలో నుంచి ఒకటి తీసివేస్తే మిగిలేది ఇదే.

ఈ విధంగానే రెండు రెండ్లతో 3, మూడింటితో 7, అయిదింటితో 31, ఏడింటితో 127 వస్తాయి. ఇవన్నీ ప్రధాన సంఖ్యలు. అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివి. ఇక ఎల్లప్పుడూ ఇంతేనని అనుకుంటే పొరపాటు. పదకొండు రెండ్లతో వచ్చే 2047 ప్రధాన సంఖ్య కాదు. అది 23, 89ల లబ్ధం.

ఇటువంటి వాటిలో ప్రధాన సంఖ్యలేవో చెబుతూ 1644లో ఫ్రాన్సు దేశపు మతాచార్యుడు మారిన్ మెర్సెన్ ఒక పట్టిక ప్రకటించాడు. మన 21 అంకెల సంఖ్యకు అందులో చోటు దక్కింది. అది తప్పని 1876లో ఎడువార్డ్ లూకా నిరూపించాడు. ప్రధాన సంఖ్య అయితే తప్పక నెగ్గవలసిన పరీక్షలో అది ఓడిపోయింది. విచిత్రమేమంటే, దాని కారణాంకాలు ఏవో ఆ పరీక్ష చెప్పలేదు. ఇంట్లో దొంగ పడ్డాడని రుజువైంది. దొంగ ఎవరో తెలియలేదు!

1903 అక్టోబరు 31న న్యూయార్కులో అమెరికన్ గణిత సంఘం సమావేశమైంది. ఆచార్య ఫ్రాంక్ నెల్సన్ కోల్ ప్రసంగించవలసి ఉన్నది. ఆనాటి ముచ్చటను ఇ. టి. బెల్ తరువాతి కాలంలో ఇలా చెప్పాడు. కోల్ మౌనంగా నల్లబల్ల వద్దకు నడిచి, 67 రెండ్ల లబ్ధాన్ని లెక్కకట్టి ఒకటి తీసివేశాడు. ప్రక్కనే 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించాడు. రెండు ఫలితాలూ అంకె తేడా లేకుండా సరిపోయాయి. ఒక్క మాటైనా పలకకుండా వెళ్ళి కూర్చున్నాడు. సభ చప్పట్లతో మారుమ్రోగింది. ఇందుకు ఎంత కాలం పట్టిందని బెల్ అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు అని జవాబిచ్చాడట.

ఈ వేటలో ఒక ఆనవాలు లేకపోలేదు. ఈ సంఖ్య కారణాంకం ఏదైనా సరే, 67కు రెట్టింపయిన 134తో భాగిస్తే శేషం ఒకటే రావాలి. అయినా 135, 269, 403 అంటూ మెట్టు మెట్టుగా ఎక్కితే, చిన్న కారణాంకం 14,45,580వ మెట్టు మీద గాని దొరకదు. కనుకనే కోల్ మరికొన్ని ఉపాయాలతో ఆ దారిని కుదించుకోవలసి వచ్చింది.

గుణించడం సులభం, విడదీయడం దుర్ఘటం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు ఈ వ్యత్యాసాన్నే పునాదిగా చేసుకొని ఒక రహస్య లిపిని నిర్మించారు. నేడు బ్యాంకు లావాదేవీల గుట్టును కాపాడే పద్ధతుల్లో అదొకటి. కోల్ సంఖ్యను నేటి కంప్యూటరు రెప్పపాటులో విడదీస్తుంది. అందుచేత ఈ లిపిలో 617 అంకెల సంఖ్యలను వాడుతున్నారు.

కోల్ మాట నిజమో కాదో పాఠకులే పరీక్షించవచ్చు. కాగితం, పెన్సిలు తీసుకొని ఆ రెండు సంఖ్యలనూ గుణించి చూడండి. ఆయనకు మూడేళ్ళ ఆదివారాలు పట్టిన పనిని సరిచూడటానికి మనకు ఒక్క ఆదివారం మధ్యాహ్నం చాలు.