లంబసింగి: చలికి ఒకసారి, ఎండకి ఒకసారి

మన పేటవాళ్లకి చలి అంటే ఊటీ, లేదంటే కొడైకెనాల్. తెలుగు గడ్డ మీదే గజగజ వణికించే కొండపల్లె ఉందంటే చానామంది నమ్మరు. దాని పేరు లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. సుమారు 1,000 మీటర్ల ఎత్తు. రైల్లో తుని దాకా పోయి, నర్సీపట్నం చేరి, అక్కడ చింతపల్లి బస్సు ఎక్కితే ఘాట్ రోడ్డు మీదుగా తీసుకుపోతుంది.

నేనూ మా ఇంటామె జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి పోయొచ్చినాం.

ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు పొద్దునకి కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం చెప్తారు. చుట్టూ కొండలు, మధ్యలో పల్లం. రాత్రిపూట చల్లబడిన గాలి బరువెక్కి ఆ పల్లంలోకి దిగి నిలిచిపోతుంది. డిసెంబరు, జనవరిలో కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి పోతుంది. మంచు అంటే సినిమాల్లో చూపించే తెల్లగడ్డలు అనుకోవద్దు, ఇది పొగమంచు. ఎదురుగా ఉన్న మనిషి కనపడడు.

తెల్లారుజామున 4 గంటలకే కార్లు వరస కట్టినాయి. నెగళ్ల చుట్టూ జనం, ఫోటోలు, వెదురు బొంగులో వండిన చికెన్. 10 గంటలకు మంచు విడిపోతే సగం మంది దిగిపోయారు. ఆ గుంపు పక్కనుంచే ఆడవాళ్లు తలగుడ్డలు చుట్టుకొని కాఫీ తోటల్లోకి పోతున్నారు. అది పండ్లు కోసే కాలం. ఎర్రగా పండినవి మాత్రమే ఏరి చేత్తో తెంపాలి, పచ్చివి వదిలేయాలి. మనకి ఫస్ట్ షిఫ్టు సంగు ఎట్లనో వాళ్లకి ఆ పొద్దు అట్ల. మంచు బాగుందని వాళ్లెవరూ నిలబడి చూడలేదు.

మేలో కత్తిరి ఎండలకి వ్యాసర్పాడి రేకులిళ్లలో ఉడికిపోయి మళ్లీ పోయినాం. కార్లు లేవు. మధ్యాహ్నం ఎండ ఉన్నా, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగల కింద నీడ చల్లగా ఉంది. రాత్రికి దుప్పటి కావాల్సొచ్చింది. పనసకాయలు, మామిళ్లు, సంతలో చింతపండు, అడ్డాకులు. టీ కొట్టు పెద్దామె చోడి అంబలి పోసింది. మన రాగులే, అక్కడ చోళ్లు అంటారు. "శీతాకాలం మీతో మాట్లాడ్డానికి కాళీ ఎక్కడుంటాది బాబూ" అనింది. కూలి ఎంతని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంది. మా ఇంటామె ఇంక అడగనీలేదు.

కూలి మాట అక్కడ కొత్తది కాదు. మన బీ అండ్ సీ మిల్లులో 1921లో సమ్మె జరిగింది కదా, ఆ మరుసటి ఏడే ఈ కొండల్లో రంప తిరుగుబాటు. తెల్లదొరల అధికారులు అడవిలో రోడ్లు వేయించడానికి కొండవాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించారు. పోడు చేసుకోనీకుండా, కట్టె కొట్టుకోనీకుండా అడ్డుపడ్డారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటన్నదొర, మల్లుదొర మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. మనం బస్సు కిటికీలోంచి చూసి ఆహా అనుకునే ఆ కొండల్లోనే ఇదంతా నడిచింది.

ఇప్పుడక్కడ భూమి గిరిజనులు తప్ప ఇంకొకరు కొనరాదు. 1/70 చట్టం అంటారు, 1970లో వచ్చింది. అయినా గదులు కట్టినవాళ్లలో పేరు ఒకరిది, డబ్బు ఇంకొకరిది అయినవి ఉన్నాయని ఊళ్లోవాళ్లే చెప్పుకుంటున్నారు. అందుకే గది తీసుకునేముందు ఇల్లు ఎవరిదని అడగండి. ఊరివాళ్ల ఇంట్లోనే దిగితే అద్దె డబ్బు ఆ ఇంట్లోనే ఉంటుంది.

ఒక్కసారే పోగలమంటే నేను మే నెలే చెప్తాను. పిల్లలకి బడి సెలవులు, గది కోసం కొట్లాట ఉండదు. సాయంత్రాలు ఉరుములతో వాన పడొచ్చు, గొడుగు పెట్టుకోండి. జనవరిలోనే పోతామనేవాళ్లు మంకీ క్యాప్, కాలిజోళ్లు ఇక్కడే కొనుక్కోండి. తిరుగు బస్సు ఎన్ని గంటలకో దిగగానే కండక్టర్‌ని అడిగి పెట్టుకోవాలి.