బాకా ఊదితే తప్పేంటి?

పొగిడి పబ్బం గడుపుకునేవాణ్ని తిట్టడానికి తెలుగులో మాటలకు కొదవలేదు. వంత పాడతాడు, తాళం వేస్తాడు, బాకా ఊదుతాడు. గమనించారా, అన్నీ పక్కవాద్యంవాళ్ళ పనులే! మరాఠీలో 'రీ ఓఢణే' అన్నా ఇదే కథ. పాడేవాడు గొప్ప, వెనక నిలబడి ఊపిరి ధారపోసేవాడు మాత్రం భజనపరుడు. ఈ లెక్క నాకు నచ్చదు.

అమెరికాలో బిల్ చేజ్ అనే ట్రంపెట్ వాద్యకారుడు ఈ లెక్కను తిరగేశాడు. వుడీ హెర్మన్ జాజ్ బృందంలో ఊదిన మనిషి, 1970లో సొంతంగా 'చేజ్' అనే రాక్ బ్యాండు పెట్టాడు. అప్పటికే షికాగో లాంటి బృందాలు రాక్ పాటల్లోకి ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సోఫోన్ కలిపి తెచ్చాయి. చేజ్ మాత్రం నాలుగు ట్రంపెట్లే పెట్టుకున్నాడు. తొమ్మిది మందిలో నలుగురు బాకావాళ్ళే! 1971లో వాళ్ళ 'గెట్ ఇట్ ఆన్' బిల్‌బోర్డ్ పట్టికలో 24వ స్థానం దాకా పోయింది. అందులో ట్రంపెట్లు ఒకదాని వెనక ఒకటి జలజలా దిగుతుంటే గాయకుడే వాటికి వంత పాడుతున్నట్టు ఉంటుంది. వినండి ఒకసారి.

1972లో రెండో ఆల్బం 'ఎన్నియా' వచ్చింది. గ్రీకులో తొమ్మిది అని అర్థం. రికార్డులో ఒక వైపంతా గ్రీకు దేవతలే. గాయకుడు మధ్యలో మారాడు, మొదటిదానంతగా అమ్ముడుపోలేదు, బృందం విడిపోయింది. హిట్టు వచ్చాక అదే దారిన పోవచ్చు గదా, దేవతలెందుకు అనిపించొచ్చు. నాకలా అనిపించదు. అదే పాటను ఇంకో పదిసార్లు ఊదితే ఆ నాలుగు ట్రంపెట్లు ఉత్త తమాషాగా మిగిలేవి.

చేజ్ మళ్ళీ కొత్తవాళ్ళను కూడగట్టి 1974లో 'ప్యూర్ మ్యూజిక్' తెచ్చాడు. అదే ఏడు ఆగస్టు 9న, మిన్నెసోటాలో ఒక జాతరలో కచేరీకి పోతుంటే చిన్న విమానం కూలింది. అతనితోపాటు బృందంలో ఇంకో ముగ్గురు పోయారు. అతనికి 39 ఏళ్ళు.

మన కుండల్‌వాడి బరాత్‌లలో ట్రంపెట్ అన్నలు గుర్రం ముందే నడుస్తారు. అయినా పెళ్ళి వీడియోలో ఎవరి ముఖమూ కనబడదు. ఇప్పుడు డీజే బండి వచ్చి ఆ చోటు కూడా లాక్కుంటోంది. అందుకే నా మాట ఇది: ఈసారి గ్యాదరింగ్‌కి డీజే వద్దు, బ్యాండువాళ్ళను పిలుద్దాం. గేటు దగ్గర స్వాగతానికి కాదు, స్టేజీ మీదికి, ముందు వరుసలోకి. పాడేవాళ్ళం వెనక నిలబడదాం.