పప్పు ఎవరి పళ్లెంలో పడుతున్నది?

మొన్న దసరా సెలవుల్లో, మా దగ్గర చదువుకుని పట్నం పోయిన పిల్లవాడొకడు ఇంటికొచ్చాడు. హాస్టల్లో ఉండి పెద్ద చదువు చదువుతున్నాడు. మాటల్లో మాటగా, "సార్, నేను మాంసం మానేసిన. గుడ్డు మానేసిన. పాలు పెరుగు గూడ ముడుతలేను. వీగన్ అంటరు సార్ దీన్ని. జీవహింస వద్దనుకున్న. మా అవ్వయితే సచ్చిపోతవురా అని ఒకటే ఏడుపు. నిజంగ సాలుతదా సార్, బలం?" అన్నాడు.

మాదిగ ఇంట్లో పుట్టి మాంసం మానుడేందిరా అని పక్కనున్న మిత్రులు గదమాయించారు. మేము గదమాయించలేదు. ఏం తినాలో ఇంకొకడు చెప్పొద్దని ఇన్నేళ్లుగా కొట్లాడుతున్న వాళ్లం. మన పిల్లవాడు తనంతట తాను ఒకటి మానుకుంటే కాదనడానికి మనమెవరం? అడిగిన దానికి జవాబు చెప్పాలి, అంతే. జవాబు ఏమిటంటే: చాలుతుంది. కానీ దానికొక లెక్కుంది. ఆ లెక్క వేస్తూ పోతే అది పిల్లవాడి పళ్లెం దగ్గర ఆగలేదు, వాళ్లవ్వ పళ్లెం దాకా పోయింది. ఈ నాలుగు మాటలు రాయడం అందుకే.

ముందు ఒక మాట. ప్రోటీన్లను మన పాఠ్యపుస్తకాలు మాంసకృత్తులు అన్నాయి. మాంసాన్ని, అంటే కండను, తయారుచేసేవి అని దాని అర్థం. తరగతిలో ఈ మాట చెప్పిన ప్రతిసారీ పిల్లలు మాంసంలో ఉండేవి అనే అనుకుంటారు. "సార్, మా ఇంట్ల ఆదివారం ఒక్కరోజే ఉంటయి" అని ఒక పిల్ల అంటే తరగతంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. కందిపప్పు వంద గ్రాముల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. ఉలవలు, పెసలు, అలసందలు కూడా ఇంచుమించు అంతే. పల్లీల్లో 24, 25. మీల్ మేకర్ అని కిరాణా కొట్లో అమ్మే సోయా ఉండల్లో సగం బరువు అదే. వండని బియ్యంలో 7 నుంచి 8, జొన్నల్లో 10. కోడిగుడ్డు ఒక్కదానిలో 6.

మనిషికి ఎంత కావాలి? హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం మంచి రకం మాంసకృత్తులైతే ఒంటి బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాములు. ఎక్కువగా ధాన్యం మీదే బతికే వాళ్లు కిలోకు ఒక గ్రాము అని పెట్టుకోవాలి. మంచి రకం ఏమిటి, చెడ్డ రకం ఏమిటి అంటారా? గోడ కట్టే మేస్త్రీని అడగండి. ఇటుకలు ఎన్ని ఉన్నా ఇసుక అయిపోతే గోడ అక్కడే ఆగుతుంది. మాంసకృత్తులు 20 రకాల అమైనో ఆమ్లాలతో కట్టినవి. వాటిలో 9 మన ఒళ్లు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బియ్యంలో, జొన్నలో లైసిన్ అనేది తక్కువ. పప్పులో అది దండిగా ఉంది, మెథియోనిన్ తక్కువ. అది ధాన్యంలో ఉంది. రెండూ కలిస్తే గోడ లేస్తుంది. ఒకే ముద్దలో కలవాలని కూడా లేదు, ఒక రోజులో రెండూ కడుపులో పడితే చాలు. జొన్నరొట్టె మీద పప్పేసుకుని తిన్న మన ముసలివాళ్లు ఇదేదీ చదవలేదు. అయినా లెక్క తప్పలేదు.

ఇక ఆ అవ్వ సంగతి. ఆమె 50 కిలోల మనిషి అనుకుందాం. 50 గ్రాములు కావాలి. కూలికి పోయే మనిషి రోజుకు 400 గ్రాముల బియ్యం తింటే 30 గ్రాములు వస్తాయి, అవీ లైసిన్ తక్కువవి. మిగతా 20 ఎక్కడివి? పోషకాహార సంస్థ 2024లో చెప్పినట్టు రోజుకు 85 గ్రాముల పప్పు తింటే దాదాపు ఆ లోటు తీరుతుంది. గుప్పెడు పల్లీలు తోడైతే ఇంకా మిగులు. ఇప్పుడు ఆమె పళ్లెం చూడండి. అన్నం, తొక్కు, పచ్చిపులుసు. పచ్చిపులుసులో మాంసకృత్తులు దాదాపు సున్న. పప్పుచారు కాచిన రోజు అయిదుగురికి ఒక గుప్పెడు, 30 గ్రాములు వేస్తారు. తలా ఒక గ్రామున్నర కూడా రాదు. అందులోనూ అడుగున ఉన్న పప్పు ముందు తిన్నవాళ్లకు పోతుంది, చివర కూర్చున్న ఆమెకు పైన తేలే నీళ్లు మిగులుతాయి.

ఆమె పాలు తాగుతుందా? ఉన్న ఒక్క బర్రె పాలు తెల్లారకముందే పాల కేంద్రానికి పోతాయి. గుడ్డు ఉడికిస్తే పిల్లలకు. మాంసం పండక్కి, చుట్టం వస్తే. అంటే నెలలో ఇరవై అయిదు రోజులు ఆమె కూడా వీగనే. ఆమెకు ఆ పేరు ఎవరూ పెట్టలేదు, ఆమె ఏ ప్రమాణమూ చేయలేదు. కొడుకు ఎంచుకుని మానాడు, తల్లికి ఎంచుకోవడానికి ఏమీ లేదు. కొడుకు బలం గురించి ఆమె ఏడుస్తున్నది గానీ ఆమె బలం గురించి అడిగినవాడు లేడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58 దాటింది. అయిదేళ్లలోపు పిల్లల్లో, రెండు రాష్ట్రాల్లోనూ, పదిమందిలో ముగ్గురు వయసుకు తగిన ఎత్తు లేరు. ఇదంతా పప్పు లేకనే అని మేము అనం. ఇనుము, నీళ్లు, జబ్బులు, చిన్నవయసు పెళ్లిళ్లు అన్నీ ఉన్నాయి. కానీ ఖాళీ పళ్లెం దగ్గర మొదలుపెట్టకుండా మాత్రలు పంచితే ఏం లాభం?

ఉలవల కథ చెప్పాలి. ఉలవలు ఉడకబెట్టి దొర ఎడ్లకు పెట్టేవాళ్లు. దున్నే ఎద్దుకు బలం కావాలని వాళ్లకు బాగా తెలుసు. ఆ ఎద్దు వెనకాల నాగలి పట్టిన జీతగానికి బలం కావాలని మాత్రం తోచలేదు. ఉడికిన నీళ్లు వంచుకుని చింతపండు వేసి చారు కాచుకున్నారు మనవాళ్లు. ఇవాళ అదే ఉలవచారు పట్నం హోటళ్లలో మీగడ వేసి అమ్ముతున్నారు. మన పిల్లలేమో ఉలవగుడాలంటే పశువుల తిండి అని మొహం తిప్పుకుంటున్నారు. దొర పెట్టిన పేరును మనమే మోస్తున్నాం.

పప్పు ఎందుకు తగ్గింది? ఈ దేశంలో 1961లో మనిషికి రోజుకు 69 గ్రాముల పప్పు అందుబాటులో ఉండేది. 2003 నాటికి అది 29కి పడిపోయింది. తర్వాత కొంత లేచింది గానీ పాత మట్టానికి చేరలేదు. హరితవిప్లవం అన్నారు. కాలువ నీళ్లు, ఎరువులు, మద్దతు ధరకు సర్కారు కొనుగోలు, అన్నీ వరికీ గోధుమకూ పోయాయి. కంది, పెసర, ఉలవ వాన మీద ఆధారపడ్డ చెల్కల్లో మిగిలాయి. 2015లో కిలో కందిపప్పు రెండొందలకు పోయినప్పుడు మన ఇళ్లల్లో పప్పు డబ్బా ఏమైందో గుర్తు చేసుకోండి.

1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యాన్ని మేము తక్కువ చేయం. ఆ బియ్యం తిని చదువుకున్న తరం మాది. కానీ నలభై ఏళ్లయినా సర్కారు చెయ్యి బియ్యం దాటి రాలేదు. 2013 ఆహార భద్రత చట్టంలో హక్కుగా రాసింది ధాన్యమే, పప్పు లేదు. అదే ఏడు ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం సంచిలో కిలో కందిపప్పు పెట్టారు, అదీ నిలవలేదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచిదే, తినబుద్ధవుతున్నది. బియ్యం సన్నమైనంత మాత్రాన మాంసకృత్తులు పెరగవు గదా.

తలరాత అనేవాళ్లకు జహీరాబాదు చూపించండి. అక్కడి ఊళ్లలో దళిత ఆడవాళ్లు సంఘాలు కట్టి, పడావు పడ్డ భూముల్లో జొన్నతోపాటు కంది, అనుము, అలసంద, నువ్వు కలిపి చల్లారు. 1990ల నడుమ నుంచే బియ్యం రేషన్‌కు బదులు తమ జొన్నలతో తామే రేషన్ నడిపించుకున్నారు. ధాన్యమూ పప్పూ ఒకే చేనులో పండితే ఒకే పళ్లెంలోకి వస్తాయి. కానీ మొదట చేను ఉండాలి. తాండూరు కందికి 2022లో దేశమంతా గుర్తింపు వచ్చింది. ఆ చేలల్లో కలుపు తీసిన చేతులకు ఆ పప్పు ఎన్నిరోజులు అందుతున్నదో ఎవరైనా అడిగారా?

ఇంకో సంగతి. మాంసం మానమని చెప్పేవాళ్లు ఈ దేశంలో తక్కువేం లేరు. 2015లో మధ్యప్రదేశ్ సర్కారు అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు వద్దన్నది. గుడ్డు ఇచ్చే చోట కూడా అది పిల్లలకు అంటుగా చూసే పెద్దలున్నారు. పెద్దకూర తిన్నందుకు మనుషులను కొట్టి చంపిన కాలంలో ఉన్నాం. ఒకపక్క కూర తినొద్దు, గుడ్డు తినొద్దు. రెండోపక్క పప్పు మేమివ్వం. మరి ఏం తిని బతకాలి? అంబేద్కర్ 1927లో మహద్‌లో చచ్చిన పశువు మాంసం మానమని చెప్పారు. అది ఆత్మగౌరవం కోసం మనకు మనం పెట్టుకున్న నియమం. పైవాడు శుద్ధి పేరు మీద పెట్టే నియమం వేరు. మా పిల్లవాడు చేసింది మొదటి రకం అని నమ్ముతున్నాం. వాడు కూడా ఆ తేడా మరవొద్దు. పక్కవాడి పళ్లెం చూసి ముక్కు మూసుకున్న రోజు వాడు అవతలి వరుసలో కూర్చున్నట్టే.

బడి సంగతి మేము చెప్పకపోతే ఎవరు చెప్తారు? మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు పెట్టాలి. కలిపితే 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30. కాగితం మీద బాగుంది. ఒక బడిలో మేమే గరిటె పెట్టి చూశాం, గిన్నె అడుగు అద్దంలా కనబడింది. వండే ఆడవాళ్లను అనడం అన్యాయం. బిల్లులు నెలలతరబడి రాకపోతే వాళ్లు అప్పు చేసి వండుతున్నారు. ఆదివారం, సెలవుదినం ఆ చారు కూడా లేదు.

ఇక ఆ పిల్లవాడికి. రోజూ రెండు పూటలా గట్టి పప్పు తిను, నీళ్లచారు కాదు. సాయంత్రం నానబెట్టి ఉడికించిన అలసందల గుడాలు, పల్లీలు తిను. వారంలో రెండుసార్లు మీల్ మేకర్. పెసలు మొలకెత్తిస్తే అరుగుదల సులువు, మీద నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి పడుతుంది. ఒక్కటి మాత్రం ఏ పప్పులోనూ ఏ ఆకుకూరలోనూ దొరకదు, అది బి12 విటమిను. అది లేకపోతే వెంటనే తెలియదు, ఏళ్లు గడిచాక కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కి, రక్తం తగ్గి, నరాలు దెబ్బతింటాయి. డాక్టరునడిగి మాత్ర వేసుకో, పట్టుదలకు పోకు. నీ నియమం మీ చెల్లి మీద పెట్టకు. ఆమె కడుపుతో ఉన్నది, ఆఖరి మూడు నెలల్లో రోజుకు 22 గ్రాములు అదనంగా కావాలి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఆమెవి.

మనలో మనకు కూడా ఒకటుంది. సంఘం మీటింగు అయ్యాక మగవాళ్లం ముందు కూర్చుంటాం, వండిన అక్కలు చివర తింటారు. దీనికి సర్కారు జీవో అక్కర్లేదు.

రేషన్ షాపులో మనిషికి నెలకు ఒక కిలో పప్పు హక్కుగా రావాలని వచ్చే గ్రామసభల్లో తీర్మానం పెట్టించాలి. ఒక కిలో అంటే రోజుకు 33 గ్రాములే, కావలసిన దాంట్లో సగం కూడా కాదు. అక్కడినుంచి మొదలుపెడదాం. ఆలోపు ప్రతి ఊరి నుంచి పది ఇళ్ల లెక్క మాకు రాసి పంపండి. వారంలో ఎంత పప్పు కొన్నారు, ఎందరు తిన్నారు, చివర ఎవరు తిన్నారు, వాళ్ల పళ్లెంలో ఏం మిగిలింది. పేర్లు వద్దు, ఊరి పేరు చాలు. రాయడం రానివాళ్ల ఇంటికి బడిపిల్లలను పంపండి. వచ్చిన లెక్కలన్నీ వచ్చే సంచికలో అచ్చువేస్తాం.